ముందుగది, రెండు ఆంప్లిఫయర్లు, రెండు బొంతలు: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

పర్లాకిమిడిలోని మా ఇంటి ముందుగదిలో నాన్నగారి కాలం నాటి ఆంప్లిఫయరు ఒకటి, ఇక్కడి వడ్రంగి చేత చేయించిన టేకు పెట్టెల్లో బిగించిన స్పీకర్లు రెండు ఉన్నాయి. విశాఖపట్నం, కటకం రేడియో కేంద్రాల కార్యక్రమాలను తెలుగు, ఒడియా రెండు భాషల్లోనూ వీటి ద్వారానే వింటూ పెరిగాము. దసరాకు పాతపట్నం నుంచి వచ్చిన మా బావగారు తాము కొత్తగా కొన్న ఆంప్లిఫయరును అదే స్పీకర్లకు తగిలించి, పది నిమిషాలు వినిపించి, "ఏమోయ్, చెవిలో గుబిలి తీసినట్టు లేదూ?" అన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. అయితే ఆయన ముఖం చూస్తూ, ధర విన్న తరువాత, మెరుస్తున్న నీలి దీపం ఎదుట కూర్చుని విన్నాను కనుక, ఆ మెప్పులో చెవి వాటా ఎంతో, కంటి వాటా ఎంతో తేల్చుకోవాలనే పట్టుదల కలిగింది. "పాతదే బాగుందని తేలితే కొత్తది నీకే ఇచ్చేస్తాను" అని ఆయన పందెం కూడా కాశారు.

ఆంప్లిఫయర్ల సంగతి చివరికి వదిలేశాను. గది గురించి, స్పీకర్ల గురించి, నా చెవుల గురించి ఏమీ తెలియకుండా ఆంప్లిఫయరుకు మార్కులు వేయడమంటే, కొలపాత్ర సొట్టలు చూడకుండా పాలు కొలిచినట్టే అవుతుంది.

రెండవ రోజు

టేపు పట్టి కొలిచాను. గది పొడవు 14 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. నేల ఎర్ర గచ్చు, గోడలకు సున్నం, కప్పు కాంక్రీటు. నడుమ నిలబడి ఒక్క చప్పట కొడితే, గోడ నుంచి గోడకు ఎగిరే ధ్వని ట్రింగుమని తోక చాచి మరీ వినిపించింది.

గదికి తనదైన గొంతు ఉంటుంది. ఎదురెదురు గోడల నడుమ ధ్వని తరంగం సరిగ్గా ఇమిడిపోయే పౌనఃపున్యాల (సెకనుకు ఎన్ని కంపనాలో తెలిపే అంకె, దాని కొలత హెర్ట్జ్) దగ్గర గది మొత్తం ఒకేసారి మోగుతుంది. లెక్క చాలా తేలిక. ధ్వని వేగాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే సరిపోతుంది. ఇప్పటి వాతావరణంలో గాలిలో ధ్వని సెకనుకు సుమారు 1,138 అడుగులు పోతుందనుకుంటే, పొడవు వైపు 41 హెర్ట్జ్, వెడల్పు వైపు 52, ఎత్తు వైపు 57 వచ్చాయి. వాటి రెట్టింపుల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. నాన్నగారి మంచం వెనుక గోడకు ఆనుకుని ఉండేది. అక్కడ కూర్చుంటే మృదంగం ఎడమవైపు మోత కడుపులో కొట్టేదని, గది నడుమకు వస్తే అదే మోత నీరుగారిపోయేదని చిన్నప్పటి నుంచీ తెలుసు. గోడల దగ్గర తరంగపు ఒత్తిడి శిఖరానికి చేరుతుందని, 41 హెర్ట్జ్ విషయంలో సరిగ్గా నడుమ అది సున్నాకు దిగుతుందని లెక్క చూపించినప్పుడు, ముప్పై ఏళ్ళ సందేహం ఒక చిత్తుకాగితం మీద తీరింది.

నాలుగవ రోజు

ఈ రోజు సగం సిగ్గుతో, సగం సంతోషంతో రాస్తున్నాను.

ఒకే మనిషి మాటను రెండు స్పీకర్లలోనూ సమానంగా పంపితే, ఎదురుగా నడిమధ్యన కూర్చున్న శ్రోతకు ఆ గొంతు రెండింటికీ మధ్య ఖాళీలో ఒక చోట నిలబడి మాట్లాడుతున్నట్టు వినిపించాలి. కార్తీక మాసమని బొబ్బిలి నుంచి వచ్చిన మా పిన్ని చేత పంచాంగంలోని నాలుగు వాక్యాలు చదివించి, ఫోనులో పట్టి, వినిపించాను. గొంతు మధ్యలో నిలవలేదు. గది అంతా పలచగా పరుచుకుని, ఎటు తల తిప్పితే అటు జారిపోయింది. పిన్ని అయితే "నేను బావిలోంచి మాట్లాడుతున్నానా, పైనుంచి మాట్లాడుతున్నానా?" అని అడిగారు.

ఎడమ స్పీకరు గుడ్డను తీసి, వెనుక తీగలను విప్పి, గోడ గడియారంలోని 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించాను. బ్యాటరీ ధన వైపును ఎర్ర కొనకు తాకిస్తే కాగితపు కోను ముందుకు రావాలి. కుడి స్పీకరులో వచ్చింది. ఎడమ దానిలో మాత్రం టక్కుమని చిన్న చప్పుడు చేసి, వెంట్రుకవాసి లోపలికి ముడుచుకుంది. వేలి కొసను కోను మీద ఆనించి మళ్ళీ తాకించాను. అనుమానం లేదు, లోపలికే పోతోంది. పెట్టె విప్పి చూస్తే, లోపలి తీగలు కింది స్వరాలు పలికే వూఫరు దగ్గర తలకిందులుగా అతికి ఉన్నాయి. కొన్నేళ్ళ క్రితం ఒక మరమ్మతు దుకాణంలో కాయిల్ మార్పించినప్పటి టంకం అది. అంటే అప్పటి నుంచీ ఒక కోను ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కు లాగుతోంది. కింది స్వరాలు గాలిలోనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఇన్నేళ్ళూ బేసు మీటను చివరిదాకా తిప్పి విన్నవాడిని నేనే కనుక ఎవరినీ అనడానికి లేదు.

తీగలు సరిచేసిన తరువాత పిన్ని గొంతు వచ్చి క్యాలెండరు మేకు కింద కుదురుగా కూర్చుంది.

అయిదవ రోజు

పరీక్షించవలసిన వాటిలో నా చెవులు కూడా ఉన్నాయి. 20 హెర్ట్జ్ నుంచి 20,000 దాకా మనిషి వినగలడని పుస్తకాలు చెప్పేది పడుచు చెవి సంగతి. వయసుతోపాటు పై అంచు నుంచి వినికిడి తగ్గుతూ వస్తుంది. మెల్లగా పైకి ఎక్కే స్వరాన్ని హెడ్‌ఫోనులో విన్నాను. నాకు 12,000 దాటాక నిశ్శబ్దమే. బావగారి కొడుకు, ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు, 17,000 దాకా చెయ్యి ఎత్తే ఉంచాడు. కనుక పై స్వరాలు పలికే చిన్న స్పీకరు, అంటే ట్వీటరు, పై అంచు గురించి ఈ డైరీలో తీర్పు చెప్పే హక్కు వాడిది, నాది కాదు.

ఈ ఊరిలో కూర్చుని వినికిడి గురించి రాస్తున్నప్పుడు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తుకు రాకుండా ఉండరు. సవరల పలుకును చెవితో పట్టి, ధ్వనులను అక్షరాల్లో పెట్టి, 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చువేయించిన ఆ మనిషికి, మన్యంలో పట్టిన చలిజ్వరానికి వాడిన క్వినైను వల్లనే చెవుడు వచ్చింది. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడిన ఊరిలో నేను ఇంత బిగబట్టి రాయడం కూడా ఒక వింతే.

ఏడవ రోజు

స్నేహితుని దగ్గర నుంచి, దాని తప్పులను సరిదిద్దే కొలతల ఫైలుతో సహా, ఒక కొలిచే మైకును ఎరువు తెచ్చుకున్నాను. ఫోను మైకు మాటల కోసం చేసినది. కింది స్వరాల దగ్గర దాని మాట నమ్మలేము. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు స్పీకరుకు ఒక స్వరాన్ని కింది నుంచి పై దాకా జార్చి పంపి, మైకు విన్నదాన్ని గీతగా గీసి చూపిస్తుంది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, వీధిలో ఆటోల చప్పుడు తగ్గిన తరువాత రాత్రి పదిన్నరకు మొదలుపెట్టాను.

మధ్య స్వరాలు గదిలో అణగడానికి 0.9 సెకన్లు పడుతోంది. పాట వినే చిన్న గదికి అందులో సగం చాలు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో 1895లో ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని ఫిర్యాదు వస్తే, వాలెస్ సాబిన్ అనే యువ అధ్యాపకుడు పక్క నాటకశాలలోని కుర్చీ మెత్తలను రాత్రిళ్ళు మోసుకువచ్చి పరచి, ఆర్గన్ గొట్టాన్ని ఊది, ఆ ధ్వని చెవికి అందకుండా పోయేదాకా గడియారంతో కొలిచి, తెల్లవారేలోగా మెత్తలను మళ్ళీ యథాస్థానంలో పెట్టేవాడు. ఆ మోతల్లోంచి పుట్టిన సూత్రం ప్రకారం గది ఘనపరిమాణాన్ని, అంటే మా 1,540 ఘనపుటడుగులను, 0.049తో గుణించి, కావలసిన సమయంతో భాగిస్తే, ధ్వనిని పూర్తిగా మింగే పదార్థం ఎన్ని చదరపు అడుగులు కావాలో వస్తుంది. 0.9 సెకన్లకు 84, అర సెకనుకు 151. అంటే ఇంకా 67 కావాలి.

నా దగ్గర కుర్చీ మెత్తలు లేవు. అమ్మ పాత నేత చీరలను ఆరేడు పొరలు వేసి కుట్టిన పెద్ద బొంతలు రెండు, బూరుగు దూది పరుపు ఒకటి ఉన్నాయి. బొంతలను పక్క గోడలకు నాలుగు అంగుళాల ఎడంతో దండెం మీద వేలాడదీశాను. ఎక్కడ వేలాడదీయాలో అద్దం చెప్పింది. నేను కుర్చీలో కూర్చుంటే, మేనల్లుడు గోడ వెంట అద్దాన్ని జరుపుతూ పోయాడు. అద్దంలో స్పీకరు కనబడిన చోటే, స్పీకరు నుంచి బయలుదేరిన ధ్వని గోడకు తగిలి నా చెవికి చేరుతుంది. పరుపును వెనుక గోడకు నిలబెట్టాను. ఇల్లు ఖాళీ చేస్తున్నామా అని ఎదురింటివారు అడిగారు.

కొత్త కొలత 0.55 సెకన్లు. చప్పట తోక తెగిపోయింది. కానీ గీతలో 41 దగ్గర, 55కి అటూ ఇటూ ఉన్న గుట్టలు మాత్రం చెక్కు చెదరలేదు. ఆశ్చర్యపడవలసినది కాదు. 41 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 28 అడుగులు. దానికి బొంత అడ్డు పెట్టడం ఏనుగుకు పూలదండ అడ్డు పెట్టడమే.

పదవ రోజు

పౌర్ణమికి పని ఆగింది. మహేంద్రతనయ ఒడ్డున మనవాళ్ళ దీపాలూ, ఒడియా వారు వదిలే అరటి డొప్పల పడవలూ ఒకే నీటి మీద పోతుంటే, ఇంట్లో కూర్చుని స్వరాలు జార్చే ఓపిక ఎవరికుంటుంది?

పదకొండవ రోజు

యంత్రం గీసిన గీత ఒక సాక్ష్యం. చెవికి బాగా తెలిసిన ధ్వని మరొక సాక్ష్యం. పిన్ని వీణ బొబ్బిలి దగ్గర ఒకే పనస దుంగ నుంచి తొలిచి చేసిన ఏకాండి వీణ. దానిని గదిలో రికార్డు చేసి గదిలోనే వినిపిస్తే గది గొంతు రెండుసార్లు కలుస్తుంది కనుక, తెల్లవారుజామున డాబా మీద, చుట్టూ గోడలు లేని చోట, వరండా చాప పరిచి రికార్డు చేశాను. ఒక కాకి కూడా రికార్డయింది. అది మంచికే జరిగింది. ఎన్నోసారి వింటున్నా ఆ కాకి పిట్టగోడ మీద కుడివైపునే అరుస్తుందో లేదో చూడడం ఒక మంచి పరీక్షగా మారింది.

తరువాత గదిలో స్పీకర్ల ముందు దుప్పటి తెర కట్టి, తెర వెనుక పిన్ని ఒకసారి నిజంగా వాయించడం, ఒకసారి రికార్డు వినిపించడం చేశాము. ఎడిసన్ కంపెనీ 1915 నుంచి కొన్నేళ్ళు అమెరికా ఊరూరా ఇదే ప్రదర్శన చేసి, దీపాలు ఆర్పి, పాడుతున్నది గాయనో ఫోనోగ్రాఫో చెప్పమని జనాన్ని అడిగేది. గాయని తన గొంతును యంత్రానికి సరిపోయేటట్టు తగ్గించుకునేదని ఆ ప్రదర్శనల్లో పాడిన ఒకావిడే తరువాత ఒప్పుకుంది. మా పిన్ని అలాంటి సాయమేమీ చేయలేదు. అందరూ ప్రతిసారీ సరిగానే గుర్తుపట్టారు.

ఎలా గుర్తుపట్టారన్నదే నాకు కావలసిన సంగతి. మీటు పడిన తొలి క్షణపు టంకారంలో తేడా ఉందని మేనల్లుడు అన్నాడు. అది నాకు అంతగా అందలేదు. పిన్ని మాత్రం, "నాలుగో తీగ వచ్చేసరికి ఎవరో వీణకు ఇంకో కుండ కట్టినట్టుంది" అన్నారు. ఆవిడ రెండవ శ్రుతిలో వాయిస్తారు. ఆ శ్రుతిలో సారణి అనే మొదటి తీగ సుమారు 147 హెర్ట్జ్. నాలుగవదైన అనుమంద్ర పంచమం సుమారు 55. రెండవ రోజు చిత్తుకాగితం తీశాను. 52, 57. ఆ తీగ సరిగ్గా గది వెడల్పుకూ ఎత్తుకూ నడుమ ఇరుక్కుని ఉంది. పిన్ని గది నడుమ చాప మీద కూర్చుని వాయించినప్పుడు గది అంతగా మేల్కొనదు. స్పీకర్లు మూలల్లో, నేల మీద ఉన్నాయి కనుక, మూడు వైపుల తరంగాలనూ ఒకేసారి గరిష్ఠంగా లేపుతున్నాయి. యంత్రం రెండు గుట్టలుగా గీసినదాన్ని ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు.

పన్నెండవ రోజు

స్పీకర్లను మూలల నుంచి ఇవతలికి జరిపి, పక్క గోడలకు రెండున్నర అడుగులు, స్పీకర్ల వెనుక గోడకు మూడడుగులు ఎడం ఉంచి, ఒక్కొక్క దాన్ని రెండడుగుల రాతి దిమ్మ మీద ఎక్కించాను. కుర్చీని గది నడుమా కాకుండా, గోడ వారా కాకుండా, నా వెనుక గోడ నుంచి అయిదు అడుగుల పైచిలుకులో వేశాను. అర అడుగు జరపడం, కొలవడం, వీణ వినడం, మళ్ళీ జరపడం. ఎనిమిదోసారికి 50ల దగ్గరి గుట్ట 11 డెసిబెళ్ళ (ధ్వని స్థాయికి కొలత) నుంచి 5కు దిగింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, నడుము నొప్పి మినహా. నాలుగో తీగ ఇంకా కొంచెం లావుగానే ఉందని పిన్ని అంటున్నారు.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం కూడా విన్నాను. వినాలనిపించి విన్నాను తప్ప పరీక్ష కోసం కాదు. 78 తిరుగుళ్ళ రికార్డుల్లో పై స్వరాలు అసలే తక్కువ. వాటితో ట్వీటరుకు మార్కులు వేయకూడదు.

పదమూడవ రోజు

పై స్వరాల కోసం మన అక్షరాలనే వాడుకున్నాను. "స" పలికినప్పుడు బుస ముఖ్యంగా 5,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. "ష"కు దాని బరువు కిందికి దిగుతుంది. ట్వీటరు మందగిస్తే "సరసం" కాస్తా "షరషం" వైపు ఒరుగుతుంది. మితిమీరితే ప్రతి "స" మీదా ఈల పడుతుంది. మా మేనల్లుడు సన్నని గొంతుతో "సుషమ, శేషశాయి, సస్యం, వేసవి" వంటి మాటలు చదివాడు. ఎడమ స్పీకరులో "స" కొద్దిగా మబ్బు పట్టి ఉంది. ట్వీటరు ముందు గుడ్డకు లోపలివైపు ఏళ్ళ తరబడి చేరిన దుమ్ము తుడిచి, మడతపడిన గుడ్డను బిగించాక తేడా పోయింది.

ఇందులో ఒక వేడుక జరిగింది. ఎదురింటి ఒడియా మాస్టారు కుతూహలంగా వచ్చి కూర్చుని, చాలాసేపు విని, "తేడా ఏముంది? అన్నీ ఒకటే కదా" అన్నారు. ఒడియా లిపిలో శ, ష, స మూడూ ఉన్నా, వాడుక పలుకుబడిలో మూడూ దంత్య సకారమే అవుతాయి. ఆయన చెవి పదును తక్కువేమీ కాదు. మరుక్షణంలోనే, కుడి స్పీకరులో "ల"కూ "ళ"కూ తేడా ఎడమ దాని కంటే స్పష్టంగా ఉందని ఆయనే పట్టుకున్నారు. ఆ తేడా ఒడియాలోనూ ఉంది మరి. ఇకపై సాక్షుల్లో రెండు భాషల వారినీ కూర్చోబెట్టాలని నిశ్చయించాను.

పదిహేనవ రోజు

ఆంప్లిఫయర్ల పందెం. బావగారు తమ యంత్రంతో ఉదయమే వచ్చేశారు.

మొదట ఆయన చెప్పినట్టే చేశాము. రెండింటి వాల్యూము మీటలనూ నిట్టనిలువుగా, గడియారంలో పన్నెండు వద్ద నిలిపి, ఒకే స్పీకరును నడిమి మీట (స్విచ్చు) ద్వారా ఒకసారి దీనికి, ఒకసారి దానికి కలిపాము. ఒకే స్పీకరుతో వింటే ధ్వని గుణంలోని లోపాలు మరింత సులభంగా పట్టుబడతాయని కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఏళ్ళ తరబడి తెర చాటు పరీక్షలు చేసిన ఫ్లాయిడ్ టూల్ చూపించారు. మీట తిప్పేటప్పుడు రెండు ఆంప్లిఫయర్లు ఒక్క క్షణమైనా ఒకదానికొకటి తగలకూడదు. అందుకని మొదటిదాన్ని విడిచాకే రెండోదాన్ని పట్టే రకం మీట తెచ్చాను. మేనల్లుడు తెర వెనుక రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది వినిపించి, కాగితం మీద రాసుకున్నాడు. పదహారు సార్లలో బావగారు పద్నాలుగు సరిగ్గా చెప్పారు. ఆయన మీసం మీద చెయ్యి వేశారు.

అప్పుడు 200 హెర్ట్జ్ స్వరం పంపి, స్పీకరు కొనల దగ్గర మల్టీమీటరు పెట్టాను. పాతది 2.00 వోల్టులు. కొత్తది 2.38. అంటే ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ. ఇంత చిన్న తేడాను చెవి "గట్టిగా ఉంది" అని చెప్పదు. "నిండుగా ఉంది, విచ్చుకుని ఉంది" అని చెబుతుంది. దానికి తోడు, 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు చూపించినట్టు, శబ్దం పెరిగేకొద్దీ చెవికి కింది స్వరాలు మిగిలిన వాటికంటే త్వరగా పెరుగుతాయి. దసరా నాటి గుబిలి కథ అదే.

కొత్తదాని మీటను వెంట్రుకవాసి తగ్గించి 2.01కు తెచ్చి, ఆ మీటకు సుద్దతో గీత పెట్టి, మళ్ళీ పదహారు సార్లు. బావగారు తొమ్మిది. నేను ఎనిమిది. మేనల్లుడిని కుర్చీలో కూర్చోబెట్టి బిళ్ళను నేను ఎగరేస్తే, వాడు ఏడు. పదహారింటిలో పన్నెండు వస్తే గాని గుడ్డి లెక్క కాదని అనలేము. ఊరికే ఊహించేవాడికి పన్నెండు గాని అంతకు మించి గాని వచ్చే అవకాశం నూటికి నాలుగు లోపే. మా ముగ్గురికీ వచ్చినవి బిళ్ళ తనంతట తాను చెప్పగలిగిన జవాబులే.

"కాగితం సరిగ్గా రాశావా?" అని బావగారు సొంత కొడుకునే అడిగారు. తరువాత కాసేపు మౌనంగా ఉండి, "పాతదే బాగుందని కూడా తేలలేదు కదా" అన్నారు. నిజమే. పందెం షరతు ప్రకారం యంత్రం ఆయనదే. రెండూ తమ శక్తికి లోబడి, ఇంత చిన్న గదిలో, ఈ స్పీకర్లతో నడిచినప్పటి ఫలితం ఇది. బరువైన స్పీకర్లకు, పెద్ద హాలుకు ఇదే మాట చెప్పనని డైరీలోనూ, ఆయనతోనూ అన్నాను. వెళ్ళేముందు ఆయన టేపునూ, గడియారపు బ్యాటరీనీ అడిగి తీసుకున్నారు. ఆ రాత్రే పాతపట్నం నుంచి ఫోను: వారింటి కుడి స్పీకరు లోపలికి ముడుచుకుంటోందట.

పద్దెనిమిదవ రోజు

చలి మొదలైంది. అమ్మ ఏమీ అనకుండా దండెం మీది బొంతలను రెండింటినీ దులిపి, మడిచి, తీసుకుపోయారు. పిన్నికి ఒకటి, ఆవిడకు ఒకటి. గది నడుమ నిలబడి చప్పట కొట్టాను. ట్రింగుమని తోక తిరిగి వచ్చింది. రేపు బజారులో పాత గోనె సంచులు, కొబ్బరి పీచు ధర అడగాలి.